అత్త మాటలకు మగదిక్కు

ఆగస్టు 19, సోమవారం

అరెతీ ఒప్పుకుంది. నమ్మలేక రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగితే మానేస్తాను అంది. నోరు మూసుకున్నాను.

పదిహేనేళ్లుగా అడుగుతున్నాను. పత్రాస్‌లో బయల్దేరి, సముద్రాన్ని కుడిచేతి పక్కనే పెట్టుకుని, పెలొపొనీస్ ద్వీపకల్పం మొత్తం ఒక చుట్టు చుట్టి మళ్లీ పత్రాస్‌కే రావాలని. ఏడు రోజులు. ఏటా ఏదో ఒక సాకు. ఒక ఏడు మందుల షాపు వదిలి రాలేనంది. ఒక ఏడు పన్ను నొప్పి. ఒక ఏడు పిల్లి ఈనింది. పోయినేడు సాకు వెతుక్కోవడం కూడా మానేసి, ఇంత ఎండలో ఎవడు పోతాడ్రా అంది. ఈసారి తనే ఫోన్ చేసి, ఒరేయ్ థ్రాసో, శనివారం పోదాం, కారు సిద్ధం చెయ్యి అంది.

ఎండ పోయినేటికంటే ఎక్కువే ఉంది. మనసెందుకు మారిందని అడగలేదు. అడిగితే మళ్లీ మారుతుందేమోనని భయం.

ఆగస్టు 21, బుధవారం

టూర్ టైంటేబుల్ పూర్తయింది, నిమిషాలతో సహా. అరెతీకి పంపాను. బొటనవేలి బొమ్మ వచ్చింది. చదవలేదన్నమాట.

ఆగస్టు 23, శుక్రవారం

కారు కడిగాను. మైనం రాసి తుడిచాను. పందొమ్మిదేళ్ల కారు పెళ్లికొడుకులా తయారైంది. సాయంత్రం సంచులు పెట్టడానికి వచ్చిన అరెతీ దాన్ని చూసి నెత్తి కొట్టుకుంది. నీకు బుద్ధుందా, ఊరందరి కళ్లూ దీనిమీదే పడాలా అంది. మెట్ల దగ్గర పూలకుండీలోంచి గుప్పెడు మట్టి తీసి, నీళ్లు కలిపి, వెనక బంపర్‌కి పూసింది. నేను రెండు గంటలు చేసిన పని రెండు నిమిషాల్లో పోయింది. తర్వాత సంచిలోంచి దిష్టి తగలకుండా కట్టే నీలం పూస తీసింది. ముందు అద్దానికి వేలాడదీయాలట. ఇది కారు, సిటీ బస్సు కాదు అన్నాను. అరగంట వాదులాట. చివరికి డ్యాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్స్ కాగితాల మీద పెట్టుకోనిచ్చాను.

అరెతీ చదువులేని మనిషి కాదు. ఫార్మసిస్ట్. యూనివర్సిటీలో నాకంటే ఒక ఏడాది వెనక. రోజుకి యాభై మందికి తలనొప్పి మాత్రలు ఇస్తుంది. తనకి తలనొప్పి వస్తే మాత్రం మాత్ర ముట్టదు, పొలిక్సెనీ అత్తకి ఫోన్ చేస్తుంది. సొంత మేనత్త. తల్లి పోయాక తొమ్మిదో ఏటి నుంచి పెంచింది ఆవిడే. ఎనభై ఎనిమిదేళ్లు. కిపరిస్సియా దాటాక లిమనాకి అని సముద్రం ఒడ్డున చిన్న ఊరు, అక్కడ ఒక్కతే ఉంటుంది. ఇక్కడ అరెతీ ఫోన్ చెయ్యగానే అక్కడ ఆవిడ గిన్నెలో నీళ్లు పోసి, ఆలివ్ నూనె చుక్కలు వేసి, లోలోపల ఏవో మాటలు అనుకుంటుంది. చుక్క విచ్చుకుపోతే దిష్టి తగిలినట్టు. ఆవలిస్తూ, కళ్లు తుడుచుకుంటూ దిష్టి తీసేస్తుంది. ఈవిడగారికి ఇక్కడ తగ్గిపోతుంది. మధ్యలో నూట డెబ్భై కిలోమీటర్లు.

ఇంతకీ దిష్టికి ఎన్ని బార్ల సిగ్నల్ కావాలి అని ఒకసారి అడిగాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నేను పిల్లలకి ఫిజిక్స్ చెప్పి బతికేవాణ్ని. నూనె నీళ్లలో ఎందుకు విచ్చుకుంటుందో నాకు తెలుసు. ఆ పాఠం ఏటా చెప్తాను.

ఆగస్టు 24, శనివారం
ఉదయం 6.40

ఆరింటికి బయల్దేరాలి. ఆరూ ముప్పై అయిదుకి వచ్చింది. రెండు చేతుల్లో రెండు ఐస్ కాఫీలు, భుజాన యుద్ధానికి సరిపడా తిండిపెట్టె. కాఫీ ఆలస్యం చేసిందట. టైంటేబుల్ ఫైలు చేతికిచ్చాను. ఒళ్లో పెట్టుకుని దానిమీద కాఫీ పెట్టుకుంది.

కారు తీస్తుంటే మొదటి అంతస్తు బాల్కనీలోంచి పొరుగావిడ లూలా గారు వంగి చూసింది. అబ్బో, ఏం మెరిసిపోతోంది కారు, మీ ఇద్దరిదీ అదృష్టమంటే, మేమూ ఉన్నాం ఎందుకూ అంది. నేను థాంక్స్ చెప్పాను. అరెతీ మొహం పాలిపోయింది.

ఉదయం 7.35

ఇంటి ముందే ఉన్నాం. మళ్లీ.

ఊరు దాటి పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్లాక కారు ఆపమంది. లూలా గారు మెచ్చుకుంది గానీ ఉమ్మలేదట. మెచ్చుకున్న నోటితోనే తూ తూ తూ అనకపోతే ఆ మెప్పు మన మెడకే చుట్టుకుంటుంది, వెనక్కి తిప్పు అంది. నవ్వాను. సీటుబెల్టు ఊడదీసి తలుపు పిడి మీద చెయ్యేసింది. తిప్పాను.

లూలా గారికి పౌరుషం వచ్చింది. మా ఇంటావంటా చెడ్డకన్ను లేదమ్మా, మా అమ్మ చూస్తే ఎండిన మొక్క చిగురేసేది తెలుసా అంది. పది నిమిషాలు బతిమాలాక ఇంట్లో వేసుకునే గౌనుతోనే మెట్లు దిగి వచ్చింది. తూ తూ అని ఊరికే అంటే చాలు. కోపం మీద ఉందేమో, నిజంగానే ఉమ్మింది. మూడుసార్లు, బానెట్ మీద. పైగా, ఇంక పోండి, మీకేమన్నా అయితే నన్నడగొద్దు అంది. దానికి మళ్లీ ఇంకో తూ తూ కావాలేమోనని అరెతీ ఆలోచిస్తోంది. నేను ఇంజిన్ స్టార్ట్ చేశాను.

టైంటేబుల్ ప్రకారం ఇప్పుడు మేం అమలియాదాలో ఉండాలి.

ఉదయం 10.05

పిర్గోస్ దగ్గర పెట్రోల్ బంకు. యూకలిప్టస్ చెట్టు నీడలో కారు. అరెతీ బాత్రూంలోకి వెళ్లి పావుగంట అయింది. అందుకే రాస్తున్నాను.

దారిలో తలనొప్పి మొదలైంది. లూలా గారి ఉమ్ము చాల్లేదన్నమాట అన్నాను. నవ్వలేదు. ఇక్కడ ఆగగానే అత్తకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అత్త గొంతు కంచులా ఉంది. మళ్లీ ఎవరి కళ్లల్లో పడ్డావే పిచ్చిమొహమా, ఉండు అంది. గిన్నె చప్పుడు, నీళ్ల చప్పుడు. తర్వాత గొణుగుడు. మాటలు వినపడవు, వినపడకూడదు. ఒక ఆవలింత. అది విని నాకూ వచ్చింది. ఆవలింత అంటుకుంటుంది, అందులో వింతేం లేదు.

మధ్యలో గొణుగుడు ఆగిపోయింది.

అక్కడ ఎక్కడో కోడి అరిచింది. అరెతీ, అత్తా అంది. ఎవరమ్మా మాట్లాడేది అంది అత్త. నేను అత్తా, అరెతీని అంది. అరెతీ ఇంట్లో లేదమ్మా, బడికి పోయింది, మధ్యాహ్నం వస్తుంది అప్పుడు చెయ్యి అంది అత్త, ఎంతో మర్యాదగా, పరాయివాళ్లతో మాట్లాడినట్టు.

ఒక నిమిషం తర్వాత అదే కంచు గొంతుతో, ఏమే, తగ్గిందా అంది. తగ్గింది అత్తా, పూర్తిగా తగ్గింది అంది అరెతీ. ఫోన్ పెట్టేసి, కణతలు పట్టుకుని బాత్రూం ఎక్కడ అని అడిగింది.

నాకేం చెయ్యాలో తోచక కారు అద్దాలు తుడిచాను.

మధ్యాహ్నం 12.00

కైయాఫాస్ బీచ్. టైంటేబుల్‌లో ఇది లేదు. అరెతీ గొడుగు కింద, నేను ఎండలో, ఇసక మీద. మాట్లాడుకోవడం లేదు.

జరిగింది ఇది. కారులో కూర్చోగానే, థ్రాసో, నీకొకటి చెప్పాలి, తిట్టకు అంది. అత్తకి మతిమరుపు మొదలై నాలుగు నెలలైంది. డాక్టరు తల ఊపి ఊరుకున్నాడు. ఈలోగా ఆ దిష్టి మాటలు ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి, లేకపోతే అవి ఆవిడతోనే పోతాయి. కానీ వాటికొక కట్టుబాటు ఉంది. ఆడవాళ్లు మగవాళ్లకే చెప్పాలి, మగవాళ్లు ఆడవాళ్లకే చెప్పాలి. అత్త నుంచి అరెతీకి నేరుగా రావు. మధ్యలో ఒక మగవాడు కావాలి.

అత్త తమ్ముడు, అంటే అరెతీ నాన్న, పోయాడు. పెత్తండ్రి కొడుకు చర్చిలో ఫాదర్, ముసలమ్మల మాటలు నాకొద్దు, పుస్తకంలో ఉన్న ప్రార్థనే చదువుతానన్నాడు. అత్త అతన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. అరెతీ మాజీ మొగుడు ఉన్నాడు గానీ, దిష్టి పెట్టేదే వాడు అంది.

మిగిలింది నేను.

అంటే ఇది టూర్ కాదా అన్నాను. టూరే, ముందు లిమనాకి, తర్వాత టూర్ అంది. అంటే నీకు స్నేహితుడు అక్కర్లేదు, ఒక ప్యాంటు కావాలి అన్నాను. అవునురా, ప్యాంటే కావాలి, అందులో నువ్వుంటే మంచిదనిపించింది అంది. నేను పదిహేనేళ్లు అడిగితే రానిదానివి అన్నాను. గొంతు పెద్దదైంది. నేను ఫిజిక్స్ టీచర్ని, మంత్రాలు మొయ్యడానికి గాడిదని కాదు, రాను అన్నాను.

రాను అంటే మానెయ్యి అనలేదు. తిట్టనూ లేదు. సరే, సముద్రం దగ్గర ఆపు, మొహం కడుక్కుంటాను అంది. నాకు బాధగా ఉంది. కోపం అని రాయబోయి ఆగాను. బాధే. పదిహేనేళ్లు ఒక మ్యాపు దాచుకున్నవాడిని, నేను వెర్రివాణ్నా?

ఈతకి పోతున్నాను.

మధ్యాహ్నం 1.10

ఈదలేదు. ఈదనివ్వలేదు.

ఒడ్డుకి పది గజాల దూరంలో, గడ్డం దాకా నీళ్లలో, అయిదుగురు ముసలమ్మలు గుండ్రంగా నిలబడి ఉన్నారు. అందరికీ టోపీలు, నల్ల కళ్లద్దాలు. పది నుంచి ఒంటిగంట దాకా అలా నిలబడి వంకాయ ఎలా వేయించాలో మాట్లాడుకోవడమే వాళ్ల స్నానం. నేను పక్కనుంచి పోబోతే ఒకావిడ, ఇదిగో అబ్బాయ్, ఒడ్డున ఆ అమ్మాయి ఏడుస్తోంది, ఏం చేశావ్ అంది. ఏమీ చెయ్యలేదండీ అన్నాను. అదే మరి, వీళ్లెప్పుడూ ఏమీ చెయ్యరు అంది ఇంకొకావిడ.

చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను.

వంకాయ పక్కకి పోయింది. ఈస్టరు ముందు గురువారం తప్ప ఇంకెప్పుడూ చెప్పకూడదు అంది ఒకావిడ. మీ ఊళ్లో అలాగేమో, మా ఊళ్లో ఏ రోజైనా సరే, సూర్యుడు మాత్రం ఉండాలి అంది రెండో ఆవిడ. మా అత్తగారు మా ఆయనకి చెప్తే ఆయన నాకు చెప్పకుండానే పోయాడు, ఎంత పిలిచినా పలకని మనిషి, పోయేటప్పుడూ అంతే అంది మూడో ఆవిడ. అందరూ కాసేపు ఆయన్ని తిట్టారు. తర్వాత అయిదుగురూ నా వైపు తిరిగారు.

నాకు వీటిమీద నమ్మకం లేదండీ అన్నాను. ఇంతసేపూ మాట్లాడని పెద్దావిడ, టోపీ మీద డైసీపూలు కుట్టుకున్నావిడ, నిన్ను నమ్మమని ఎవరడిగారు నాయనా, మోసుకురమ్మన్నారు, పోస్ట్‌మాన్ ఉత్తరాల్ని నమ్ముతాడా, తెచ్చి ఇస్తాడు అంతేగా అంది.

వెనక్కి వచ్చి గొడుగు కింద కూర్చున్నాను. సరే అన్నాను. అరెతీ ముక్కు చీది, జరుగు, నీళ్లు కారుస్తున్నావు అంది.

మధ్యాహ్నం 3.20

జహారో దగ్గర చేపలు తిన్నాం. క్షమించమని తను అడగలేదు. నా కంచంలో చేపకి ముళ్లు తీసి పెట్టింది, చివరి ముల్లు దాకా. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఇదే పద్ధతి.

సాయంత్రం 5.15

లిమనాకి. నాలుగింటికే వచ్చేశాం. అత్త గుమ్మం ఎదురుగానే కారు. కానీ అయిదున్నర దాకా తలుపు కొట్టకూడదు. మధ్యాహ్నం నిద్ర వేళ. ఈ ఊళ్లో మనిషిని చంపినా ఊరుకుంటారు గానీ నిద్ర లేపితే ఊరుకోరు అంది అరెతీ. గుసగుసగా చెప్పింది. కారులో కూర్చుని గుసగుసలాడుకుంటూ గంటంబావు నుంచి ఉడుకుతున్నాం. అద్దం దించితే చప్పుడవుతుందట.

ఎదురుగా సముద్రం. టైంటేబుల్‌లో ఉన్న పీలోస్ ఇంకా చాలా దూరం. దాని గురించి ఇద్దరం ఎత్తలేదు.

సాయంత్రం 6.50

అయింది.

అత్త చిన్న మనిషి. నల్లబట్టలు, నిటారు నడుము. ముందు చెంచా మిఠాయి, పంచదార పాకంలో ఊరిన పుల్ల చెర్రీలు, గ్లాసుడు చల్లటి నీళ్లు. తినేదాకా కన్నార్పకుండా చూసింది. తర్వాత అరెతీని, పెరట్లో అంజూరపళ్లు రాలిపోతున్నాయి, కోసుకురా పో అని పంపింది. తలుపు గడియ పెట్టింది. కూర్చో పంతులూ అంది.

ఎవరబ్బాయివని అడిగింది, చెప్పాను. నాన్న చేసిన పని, అమ్మ పుట్టిన ఊరు, అవీ చెప్పాను. నమ్ముతావా వీటిని అంది. దారి పొడుగునా ఒక అబద్ధం తయారుచేసి పెట్టుకున్నాను. ఆ కళ్ల ముందు అది బయటికి రాలేదు. నమ్మనండీ అన్నాను.

మంచిది అంది. నమ్మేవాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే, మధ్యలో సొంత మాటలు కలుపుతారు, బాగుంటుందని. నువ్వు కలపవు, ఉన్నది ఉన్నట్టు చెప్తావు అంది.

షరతులు చెప్పింది. అయిదు పాదాలు. మూడుసార్లు చెప్తాను, అంతే, ఆ తర్వాత అడిగినా చెప్పను. కాగితం మీద పెట్టకూడదు. దిష్టి తీయించుకున్నవాళ్లు థాంక్స్ అంటే పని చెయ్యదు, అననివ్వకు. నీకిచ్చాక ఇంక నా దగ్గర ఉండవు, నేను చదివినా వట్టి గాలే. నాకు నవ్వొచ్చింది ఒక్క క్షణం. క్లాసులో రోజూ నేననే మాటే ఇది: మూడుసార్లు చెప్తాను, నాలుగోసారి నన్నడగొద్దు.

బయటికి పోగానే అరెతీకి చెప్పేస్తానండీ అన్నాను. అదేగా ఒప్పందం.

అత్త నా మోకాలి మీద కొట్టింది. గట్టిగానే. చెప్పకు అంది. దానికి చెప్పేస్తే నీ దగ్గర ఉండవు, దాని దగ్గర ఉంటాయి. ఎవరి దిష్టి వాళ్లు తీసుకోలేరు పంతులూ. ఊళ్లోవాళ్లందరికీ తీస్తుంది, తన తల పట్టుకుని కూర్చుంటుంది. దానికి కావలసింది మాటలు కాదు, ఫోన్ ఎత్తే మనిషి. నేను ఇంక ఎన్నాళ్లు ఎత్తుతాను. ఈమధ్య అవతల ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదు. తెలియడం లేదని తర్వాత తెలుస్తోంది, అదే ఏడుపు. దాని ముందు తెలియనట్టే ఉంటాను, అదీ తెలియనట్టే ఉంటుంది. నువ్వు ఎత్తుతావా, ఏ వేళప్పుడైనా అంది.

ఎత్తుతాను అన్నాను.

చెప్పింది. మూడుసార్లు. కిటికీలోంచి ఎండ గిన్నె మీద పడుతోంది. ఇక్కడ రాయను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు, అయినా రాయను. ఎందుకు రాయవురా అంటే చెప్పలేను. చివరిసారి పూర్తవగానే అత్త కళ్లు తుడుచుకుని, హమ్మయ్య అని, అంజూరపళ్లు తేవడానికి అదేమన్నా టర్కీ పోయిందా అంది.

రాత్రి 8.40

సర్వనాశనం.

ముందు మంచి సంగతి. అరెతీకి అత్త మాట చెప్పాను. మొదట మండిపడింది. ఇంత దూరం నిన్ను లాక్కొస్తే నాకివ్వవా, నా అత్త, నా మాటలు, మధ్యలో నువ్వెవడివిరా అంది. చేతిలో ఉన్న అంజూరపండు నా మీదికి విసిరింది. చొక్కా పాడైంది. అత్త అన్న మాటలన్నీ చెప్పాను, ఫోన్ సంగతి కూడా. అప్పుడు కూర్చుంది. సరే అయితే, ఇంకనుంచి క్లాసులో ఉన్నా సరే ఫోన్ సైలెంట్‌లో పెట్టకు అంది. పెట్టను అన్నాను.

భోజనం అయింది. అత్త వంట చేసిన తీరు చూస్తే మతిమరుపని ఎవరూ అనరు. ఆవిడ తొందరగా పడుకుంది. అంతలో అరెతీ, తల పగిలిపోతోంది థ్రాసో, ఇవాళ ఏడ్చిన ఏడుపుకి, చూడు ఒకసారి అంది. మొదటిసారి. గిన్నెలో నీళ్లు పోశాను, నూనె చుక్కలు వేశాను. విచ్చుకున్నాయి. విచ్చుకుంటాయి, నాకు తెలుసు. మనసులో మొదలుపెట్టాను. మొదటి పాదం వచ్చింది. రెండో పాదం వచ్చింది.

మూడో పాదం లేదు.

ఎక్కడా లేదు. తల మొత్తం వెతికాను. నాలుగు, అయిదు తళతళలాడుతూ ఉన్నాయి, మూడో చోట ఖాళీ. అరెతీ కళ్లు మూసుకుని ఎదురుగా కూర్చుంది. ఏం చెయ్యను, మూడు మింగేసి నాలుగు, అయిదు చదివాను. సొంత మాట కలపలేదు, అదొక్కటే నిజాయితీ.

తగ్గిందా అన్నాను. తగ్గిందిరా, పూర్తిగా తగ్గింది అంది.

పొద్దున పెట్రోల్ బంకులో అత్తతో అన్న గొంతే అది.

ఇప్పుడు వరండాలో కూర్చుని ఉన్నాను. అడగడానికి లేదు, మూడుసార్లు అయిపోయాయి. అత్త దగ్గర ఇంక లేవు, ఇచ్చేసింది. నా దగ్గర నాలుగే ఉన్నాయి. ఎనభై ఎనిమిదేళ్ల ఆవిడ ఇన్నేళ్లూ పొల్లు పోకుండా మోస్తే నేను రెండు గంటలు మొయ్యలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్తావు అంది నన్ను. నా క్లాసులో వెనక బెంచీ కుర్రాళ్లు, సార్ ఇంకొక్కసారి సార్ అంటే ఎంత వెటకారం చేశానో ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. అవి మాత్రం గుర్తొస్తున్నాయి.

పొద్దున్నే అరెతీకి నిజం చెప్పెయ్యాలి. చెప్తే ఏమవుతుందో తలుచుకోలేకపోతున్నాను.

ఆగస్టు 25, ఆదివారం
ఉదయం 7.10

చెప్పేలోపే అత్త లేచింది. అరెతీని అంజూరపళ్లు కోసుకురమ్మని పెరట్లోకి పంపింది. తలుపు గడియ పెట్టింది. నువ్వెవరబ్బాయివి అని అడిగింది, చెప్పాను. నీకొక ముఖ్యమైన మాట ఇవ్వాలి పంతులూ, ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు, కూర్చో అంది.

కూర్చున్నాను. మొదటిసారి వింటున్నట్టే విన్నాను. మూడో పాదం దగ్గర మాత్రం, అత్తా, ఇంకొక్కసారి చెప్పండి అన్నాను.

చెప్పింది.